డిక్షనరీ తక్కువ తీసిన పేజీలే అర్థం కాలేదు: జపనీస్ కథల ప్రాజెక్టు డైరీ

ఎన్3 (జపనీస్ భాషా పరీక్షలో మధ్య స్థాయి) పాసయ్యాక పాఠ్యపుస్తకాలు పక్కన పెట్టి, జపాన్ వాళ్లు తమ కోసం రాసుకున్న కథలు చదవాలనుకునే తెలుగువాళ్లకి పనికొస్తుందని ఈ లెక్కలు రాసిపెడుతున్నాను. ఉద్యోగం చేసుకుంటూ, రాత్రి భోజనం అయ్యాక దొరికే గంట సేపట్లో చేసిన పని ఇది. ఎవరైనా ఇదే దారిలో వెళ్లాలంటే వెళ్లొచ్చు, మొదటి రెండు దశల్లో నేను పడేసిన సామాను మాత్రం మోసుకెళ్లకండి.

ఎంచుకున్నది ఒకే రకం కథలు: ఇంట్లో మనిషి పోయాక మిగిలినవాళ్లు ఏమయ్యారు అనేవి. ఒకే రకం ఎందుకంటే పదాలు తిరిగి తిరిగి వస్తాయి. ఆసుపత్రి, చావు కబురు, కర్మ, ఖాళీ గది, వంట, నిద్ర పట్టకపోవడం. రెండో కథకి వచ్చేసరికి సగం పరిచయమే. పైగా ఇలాంటి కథల్లో సాంకేతిక పదాలుండవు, అందరూ ఇంట్లో మాట్లాడే మాటలే.

చదివినవి ఇవి:

1. అకుతగావా ర్యూనోసుకే కథ ‘హంకెచి’, అంటే చేతిరుమాలు (1916)
2. యోషిమోతో బనానా ‘కిచెన్’ (1988లో పుస్తకంగా వచ్చింది), అందులో ఉన్న మూడు కథలూ: ‘కిచెన్’, దాని కొనసాగింపు ‘మంగెత్సు’, విడి కథ ‘మూన్‌లైట్ షాడో’

కొలత: చిన్న సైజు జపనీస్ పుస్తకంలో పేజీకి సుమారు 600 అక్షరాలు పడతాయి. ఆన్‌లైన్‌లో చదివినదాన్ని కూడా 600 అక్షరాలకి ఒక పేజీ చొప్పున లెక్కేశాను. పేజీకి ఎన్ని నిమిషాలు, ఎన్నిసార్లు డిక్షనరీ తీశాను, ఈ రెండూ మొదటి నుంచీ రాసుకున్నాను. మూడో లెక్క రెండో దశలో వచ్చి చేరింది, అసలు పనికొచ్చింది అదే.

సామాను: బ్రౌజర్‌లో యోమితాన్ (పదం మీద మౌస్ పెడితే అర్థం చూపే డిక్షనరీ), ఫోన్‌లో ఆఫ్‌లైన్ డిక్షనరీ, అంకీ (పదాల కార్డులు తిప్పే యాప్), గూగుల్ లెన్స్, 200 పేజీల రూళ్ల నోటుపుస్తకం, పెన్సిల్, స్టాప్‌వాచ్.

దశ 1: ‘హంకెచి’

అకుతగావా 1927లోనే పోయాడు కాబట్టి కాపీరైటు ఎప్పుడో తీరిపోయింది. 1997లో మొదలైన అఓజోరా బుంకో అనే ఆన్‌లైన్ లైబ్రరీలో ఇలాంటివన్నీ ఉచితం. బ్రౌజర్‌లో తెరిచి పదం మీద మౌస్ పెడితే అర్థం కనిపిస్తుంది.

మొదటి దెబ్బ పాత వర్ణక్రమం. 1946కి ముందు రాతలో ‘ఇయు’ అనే క్రియని ‘ఇఫు’ అని, ‘క్యో’ (ఇవాళ) ని ‘కెఫు’ అని రాసేవారు. అలాంటి ప్రతి తెరిస్తే యోమితాన్ చాలాచోట్ల చేతులెత్తేస్తుంది. చేయాల్సింది ఇదే:

1. రచన పేజీలో ‘షింజి షింకనా’ (కొత్త లిపి, కొత్త వర్ణక్రమం) అని ఉందో లేదో చూడండి.
2. ‘క్యూకనా’ (పాత వర్ణక్రమం) అని ఉంటే వెనక్కి వచ్చేయండి, అదే రచన ఇంకో ప్రతి ఉంటే అది తీసుకోండి.
3. ఉన్నది పాత ప్రతి ఒక్కటే అయితే ఈ స్థాయిలో ఆ రచన వదిలేయండి. పట్టుదలకి పోతే రాత్రిళ్లు పాడవుతాయి, భాష రాదు.

కథ చిన్నదే. టోక్యో ఇంపీరియల్ యూనివర్సిటీలో లా ప్రొఫెసర్ ఇంటికి ఒకావిడ వస్తుంది, ఆయన విద్యార్థి తల్లి. కొడుకు పోయిన సంగతి చెప్పడానికి వచ్చింది, మొహంలో మాత్రం చిరునవ్వు చెరగదు. ప్రొఫెసర్ చేతిలో విసనకర్ర కింద పడి, తీసుకోవడానికి వంగితే టేబుల్ కింద ఆవిడ చేతులు కనిపిస్తాయి. రుమాలు చిరిగిపోయేంతగా పిండుతూ వణుకుతున్న చేతులు.

ఇదంతా రెండోసారి చదివినప్పుడు తెలిసింది. మొదటిసారి ఆ అబ్బాయి పోయాడనే నాకు తెలియలేదు. తల్లి ‘చచ్చిపోయాడు’ అనదు, ‘ఇకెమసెన్’ అనే మాటని ఇంకాస్త మర్యాద చేర్చి భూతకాలంలో అంటుంది. మన పాఠ్యపుస్తకంలో ఆ మాటకి అర్థం ‘కూడదు’. డిక్షనరీ ఇంగ్లీషులో ‘బాగాలేదు’ అంటుంది. నేను ‘అబ్బాయికి ఇంకా నయం కాలేదట’ అనుకుని ముందుకెళ్లిపోయాను. కాసేపటికి ‘షోనానోకా’ వచ్చింది, చనిపోయిన ఏడో రోజు చేసే కర్మ, అప్పుడు తెలిసింది. మన వాళ్లయితే ఆ చోట ‘దక్కలేదండీ’ అంటారు. ఆ తెలుగు మాట తట్టగానే పేజీ మొత్తం ఒక్కసారిగా సర్దుకుంది, ఆవిడ గొంతు కూడా వినపడింది. దీన్నుంచే ఏదో పద్ధతి లాగొచ్చని అప్పటికి నాకు తట్టలేదు.

*దశ 1 చివర మొత్తం: సుమారు 14 పేజీలు. పేజీకి సగటున 49 నిమిషాలు, డిక్షనరీ 38 సార్లు. గడిపిన సమయం పదకొండున్నర గంటలు.*

దశ 2: ‘కిచెన్’, కాగితం పుస్తకం

షించో బుంకో (ఒక ప్రచురణ సంస్థ చిన్న సైజు పుస్తకాల వరస) ప్రతి తెప్పించాను. అరచేతిలో పట్టే సైజు, రిబ్బన్ గుర్తు కుట్టి ఉంటుంది. పేజీల పైఅంచు ఎగుడుదిగుడుగా ఉంటే లోపం ఉన్న కాపీ పంపారనుకుని వాపసు చేయకండి, ఆ ప్రచురణ వాళ్లు పైఅంచు కోయకుండా అలాగే వదిలేస్తారు.

కథలో మికాగే అనే అమ్మాయికి ఉన్న ఒక్క దిక్కు అమ్మమ్మో నానమ్మో (జపనీస్‌లో రెంటికీ ఒకటే మాట) పోతుంది. ఫ్రిజ్ పక్కన తప్ప ఇంకెక్కడా నిద్ర పట్టదు. నానమ్మకి తెలిసిన పూలకొట్టు కుర్రాడు యూయిచీ తమ ఇంటికి వచ్చి ఉండమంటాడు.

రెండు పనులు పాడయ్యాయి.

*లెన్స్.* నిలువు వరసల్ని బాగానే పడుతుంది గానీ, కాంజీ (చైనా నుంచి వచ్చిన లిపి అక్షరం) పక్కన చిన్న అక్షరాల్లో ఉచ్చారణ (ఫురిగానా) ఉన్న చోట ఆ అక్షరాలు వాక్యంలోకి దూరి పదాన్ని పాడుచేస్తాయి. పేజీ మొత్తం ఫొటో తీయడం మానేసి, ఒక్కో పదం మీదే పెట్టాను. అదీ విసుగు పుట్టి, చివరికి వేలితో కాంజీ గీసి వెతకడమే వేగంగా ఉందని తేలింది. గీతల వరస కచ్చితంగా లేకపోయినా చాలావరకు పట్టేస్తుంది.

*అంకీ.* తెలియని ప్రతి పదానికీ కార్డు చేశాను. కార్డులు 430 దాటేసరికి రాత్రి గంటలో నలభై నిమిషాలు వాటికే పోయేవి, కథ కదలదు. ‘శవపేటిక’, ‘అగరుబత్తి’, ‘నల్ల బట్టలు’ అని పడుకునే ముందు వరసగా తిప్పుతుంటే ఇంట్లోవాళ్లకి నా మీద అనుమానం కూడా వచ్చింది. 90 ఉంచి మిగతావన్నీ తీసేశాను. ఇప్పుడు నియమం: ఒక పదం మూడు వేర్వేరు పేజీల్లో అడ్డం పడితేనే కార్డు.

అసలు కథ ఇక్కడుంది. సగానికి వచ్చేసరికి డిక్షనరీ తీయడం పేజీకి 26 నుంచి 15కి తగ్గింది, భలే అనుకున్నాను. యోకోహామాలో ఉద్యోగం చేసే గుంటూరు అక్క ఒకావిడ ఆదివారాలు వీడియో కాల్‌లో నా చదువు సరిచూస్తుంది. ఆ వారం చదివింది చెప్పమంది.

“బస్సులో ఎవరు ఏడ్చారు?”

“పాప కదా అక్కా, వాళ్ల బామ్మ పక్కన కూర్చున్న పాప.”

“పాప ఏడవడమేంట్రా బాబూ. మళ్లీ చదువు.”

ఆ సన్నివేశం ఇది. మికాగే బస్సెక్కుతుంది. ఒక చిన్నపిల్ల, వాళ్ల బామ్మ ఆకాశంలో పోతున్న గాలినౌక గురించి మాట్లాడుకుంటుంటారు. ఆ వెంటనే కన్నీళ్లు చెంపల మీంచి బొటబొటా రాలుతున్నాయని ఉంటుంది. ఎవరి చెంపలో రాయలేదు. తనే ఏడుస్తున్నానని మికాగేకి కూడా అప్పుడే తెలుస్తోంది, అందుకే అలా రాసింది. నేను దగ్గర్లో కనపడ్డ పాపకి అంటగట్టేశాను. ఆ తర్వాత మికాగే బస్సు దిగి చీకటి సందులో కూర్చుని ఏడ్వడం, పైన కిటికీలోంచి ఆవిరి వచ్చి ఎవరిదో వంటగది చప్పుళ్లు వినపడడం, ఏదీ నాకు అతకలేదు. ఆ పేజీలో డిక్షనరీ తీసింది ఆరుసార్లే, పుస్తకంలో నాకు ‘సులువైన’ పేజీల్లో అదొకటి.

వెనక్కెళ్లి నోటుపుస్తకం చూస్తే ఇదే వరస. డిక్షనరీ లెక్క పడిపోయిన చోటల్లా కథ చేజారింది. దుఃఖం ముదిరే కొద్దీ వాక్యాలు పొట్టివవుతాయి, మాటలు చిన్నపిల్లలకి తెలిసినవే ఉంటాయి, కర్త మాయమవుతాడు, జ్ఞాపకం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో గుర్తు ఉండదు. డిక్షనరీలో వెతకడానికి అక్కడ ఏమీ లేదు.

అప్పటిదాకా పేరాకి ఒక వాక్యం ఇంగ్లీషులో సారాంశం రాసుకునేవాణ్ణి, చదువంతా ఇంగ్లీషులో అయిన అలవాటు. దాన్ని తెలుగులోకి మార్చాను. కారణాలు రెండు.

ఒకటి, వాక్యం వరస. “కినో అనే గా కత్తే కిత హనా” అంటే మాటకి మాట అదే వరసలో “నిన్న అక్క కొనుక్కొచ్చిన పూలు”. ఇంగ్లీషులో పెట్టాలంటే దీన్ని వెనకనుంచి ముందుకి తిరగెయ్యాలి, మూడు పంక్తుల వాక్యమైతే తిరగేసేలోపు మొదలు మర్చిపోతాం. “వసురెతే షిమత్త” అంటే మర్చిపోయాను, “తబెతే షిమత్త” అంటే తినేశాను. ఆ పోవడం, వేయడం మనకి పుట్టుకతో వచ్చినవి, ఇంగ్లీషు పుస్తకాలు వాటికి పేజీన్నర వివరణ ఇస్తాయి. ‘బొటబొటా’, ‘వెక్కివెక్కి’, ‘బావురుమని’ లాంటివి కూడా జపనీస్‌లో కొల్లలు. వాటికి తెలుగు దొరికినంత దగ్గరగా ఇంగ్లీషు దొరకదు.

రెండోది ఇంతకన్నా ముఖ్యం. తెలుగులో రాయాలంటే క్రియ చివర తేల్చాలి. ఏడ్చానా, ఏడ్చాడా, ఏడ్చిందా, ఏడ్చారా. జపనీస్ క్రియ ‘నైత’ ఎవరికైనా ఒకటే. నాకు తెలియకుండానే దాటేస్తున్న చోట్లన్నీ తెలుగు క్రియ దగ్గర ఆగిపోతాయి. ఇంగ్లీషులో కూడా ఎవరో ఒకర్ని రాయాలి నిజమే, కానీ అక్కడ నేను ‘కన్నీళ్లు రాలాయి’ తరహాలో నామవాచకాల మీద జారుకుంటున్నాను, పట్టుబడ్డాక చూసుకుంటే పేజీల నిండా అవే.

కొత్త పద్ధతి:

1. పేరా ఒకసారి డిక్షనరీ లేకుండా చదవాలి.
2. పక్కన పెన్సిల్‌తో ఒక్క తెలుగు వాక్యం. కర్త, పూర్తి క్రియ తప్పనిసరి. ‘ఏడుపు’, ‘బాధ’ అని పేర్లతో సరిపెట్టకూడదు.
3. క్రియ చివర తేలకపోతే ప్రశ్న గుర్తు పెట్టి ముందుకెళ్లాలి.
4. పేజీ అయ్యాక ప్రశ్న గుర్తులకే డిక్షనరీ, వ్యాకరణం. మిగతా తెలియని పదాలు వదిలేయాలి.
5. పేజీకి ప్రశ్న గుర్తులు ఎన్నో రాసుకోవాలి. మూడో లెక్క ఇదే.

బస్సు పేజీని ఇలా మళ్లీ చదివితే ఏడు ప్రశ్న గుర్తులొచ్చాయి.

*దశ 2 చివర మొత్తం: సుమారు 74 పేజీలు, 39 గంటల పైచిలుకు. నిమిషాలు మొదట 36, చివర 22. డిక్షనరీ 26 నుంచి 13కి. ప్రశ్న గుర్తులు రెండో సగంలో సగటున 5. కార్డులు 90.*

దశ 3: ‘మంగెత్సు’

ఇది వేగంగా నడిచింది. మనుషులు పాతవాళ్లే, సంభాషణ ఎక్కువ. యూయిచీ తల్లి ఎరికో చనిపోయిందని మొదటి వాక్యంలోనే సూటిగా, ‘షింద’ అనే మొరటు మాటతో చెప్పేస్తుంది. ‘హంకెచి’ తల్లి చుట్టూ తిప్పి చెప్పింది, ఇక్కడ దాపరికం లేదు. చదువుకునేవాడికి ఇదే సుఖం.

చిక్కు ఎరికో దగ్గరే వచ్చింది. పుట్టుకతో ఆమె యూయిచీకి తండ్రి, భార్య పోయాక స్త్రీగా మారి బతికింది. జపనీస్‌లో రచయిత్రి ‘ఎరికో-సాన్’ అని పేరుతోనే నెట్టుకొస్తుంది, క్రియకి లింగం లేదు కాబట్టి ఇబ్బంది లేదు. పాత రోజుల ప్రస్తావన వచ్చినప్పుడల్లా నా తెలుగు వాక్యం ‘అన్నాడు’, ‘అంది’ మధ్య ఊగేది. ‘అన్నారు’ అని గౌరవంలోకి వెళ్లి బయటపడ్డాను. మికాగే ఆమెని చూసే చూపుకి అదే సరిపోయింది కూడా. ఇది మీ పుస్తకాల్లో ఎదురుకాకపోవచ్చు, అయితే అత్తమామలు, గురువులు, పెద్దవాళ్ల విషయంలో ఎవరికి ‘అన్నారు’ ఎవరికి ‘అన్నాడు’ అని తేల్చుకోవాల్సి రావడం మంచిదే. కథలో ఎవరు ఎవరికి ఎంత దగ్గరో అక్కడ బయటపడుతుంది.

సంభాషణల్లో చాలాచోట్ల ‘అన్నాడు, అంది’ ఉండవు, వరసగా కొటేషన్లే. ఎనిమిది పంక్తులు దాటితే ఎవరి మాటో తప్పిపోయేవాణ్ణి. దీనికి మందు వాక్యం చివర ఉంది. ‘వా’, ‘నో యో’ అని ముగిస్తే చాలావరకు ఆడగొంతు, తనని ‘బొకు’, ‘ఒరె’ అనుకుంటే మగగొంతు. పెన్సిల్‌తో పంక్తి పైన మి, యూ అని వేస్తూ పోయాను. మొదట్లో ప్రతి సంభాషణకీ, తర్వాత తప్పిన చోట మాత్రమే.

మార్చిన ఇంకో పని: తిండి పదాలకి కార్డులు పూర్తిగా మానేశాను. చివర్లో మికాగే అర్ధరాత్రి టాక్సీలో కత్సుదోన్ (అన్నం మీద పంది మాంసం కట్లెట్, గుడ్డు) పట్టుకెళ్లే భాగం ఉంది. దానికి ముందు నుంచీ వంటకాల పేర్లు ఊపిరాడనివ్వవు. తిండి పేరు తెలియకపోయినా అది తిండి అని తెలిస్తే చాలు. కత్సుదోన్ మాత్రం తెలియాలి, ఫొటో చూసుకున్నాను, ఆకలేసింది.

*దశ 3 చివర మొత్తం: సుమారు 149 పేజీలు, 62 గంటలు. పేజీకి 18 నిమిషాలు, డిక్షనరీ 11, ప్రశ్న గుర్తులు 3. కార్డులు 160.*

దశ 4: ‘మూన్‌లైట్ షాడో’

సత్సుకి ప్రేమించిన హితోషీ యాక్సిడెంట్‌లో పోతాడు. అదే కారులో అతని తమ్ముడు హీరాగి ప్రియురాలు కూడా. సత్సుకి తెల్లవారుజామున వంతెన దాకా పరుగెత్తడం అలవాటు చేసుకుంటుంది, హీరాగి ఆ అమ్మాయి స్కూలు యూనిఫాం వేసుకుని తిరుగుతాడు. పుస్తకంలో భాష అన్నిటికన్నా తేలిక ఈ కథలోనే, అందుకే ఎక్కువ జాగ్రత్తగా చదివాను.

పరుగు కాలక్రమంలో తప్పింది. ఇప్పుడు పరుగెత్తుతోందా, హితోషీ ఉన్న రోజుల్లోనా? జపనీస్ కథనం భూతకాలం నుంచి వర్తమానంలోకి చెప్పాపెట్టకుండా దిగుతుంది. మన పల్లెటూరి కథ చెప్పేవాళ్లు కూడా ‘వాడు వెళ్లాడా, వెళ్లి చూస్తాడు గదా’ అంటారు కాబట్టి కొంత తెలుగే ఆదుకుంది. మిగతాదానికి పేజీ అంచున రెండు రంగుల గీతలు పెట్టాను: మనిషి ఉన్నప్పటిది నీలం, పోయాకది ఎరుపు. రంగు మారే చోట ఏ మాట వల్ల మారిందో దాని కింద గీత. ఆ గీతల కింద ఎక్కువసార్లు దొరికినవి ‘అనో కోరో’ (ఆ రోజుల్లో), ‘తే ఇత’తో (మన ‘చేస్తూ ఉండేది’ లాంటిది) ముగిసే క్రియలు. చాలాసార్లు ఏమీ దొరకలేదు కూడా.

తెలుగు ఆదుకోని చోటు ఒకటుంది, ముందే చెప్పేస్తాను. జపనీస్‌లో ‘చచ్చిపోవు’ లాంటి అకర్మక క్రియకి కూడా కర్మణి ప్రయోగం ఉంటుంది. “త్సుమా ని షినరెత” అంటే భార్య పోయింది, ఆ దెబ్బ ఇతనికి తగిలింది అని. ‘బడు’ పెట్టి తెలుగు చేయబోతే నవ్వు వస్తుంది. ‘భార్యని పోగొట్టుకున్నాడు’ అని రాసి, పక్కన చుక్క పెట్టుకుంటున్నాను. ‘ని’ తర్వాత కర్మణి క్రియ కనపడితే ఆ పని ఎవరు చేశారు, ఎవరు అనుభవించారు అని రెండు ప్రశ్నలూ వేసుకోవాలి. దీనికి అడ్డదారి నాకు దొరకలేదు.

ఇలాంటి కథల్లో తప్పక తగిలే కర్మల పేర్లు ఒకచోట రాసి అట్టకి అంటించుకున్నాను: ‘త్సుయా’ (అంత్యక్రియలకి ముందు రాత్రి జాగారం), ‘షోనానోకా’ ఏడో రోజు, ‘షిజూకునిచి’ నలభై తొమ్మిదో రోజు, ‘ఇష్షూకి’ మన సంవత్సరీకం లాంటిది. ఆ తర్వాతది ‘సాంకైకి’, పేరులో మూడు ఉంది గానీ వచ్చేది మనిషి పోయిన రెండేళ్లకి. చావుని మొదటిదిగా లెక్కపెడతారు. పేరు చూసి మూడేళ్లు వేసుకుంటే కథలో వయసులన్నీ ఒక ఏడాది జరిగిపోతాయి.

పైకి చదవడం ఈ దశలోనే మొదలుపెట్టాను. నిమిషాలు పెద్దగా తగ్గకపోవడానికి అదే కారణం. గొంతుతో చదివితే సుదీర్ఘ వాక్యంలో ఎక్కడ ఊపిరి తీసుకోవాలో తెలియాలి, తెలియని చోట వాక్యం అర్థం కాలేదని లెక్క. ప్రశ్న గుర్తులు పెట్టడానికి ఇది ఇంకో దారి.

*దశ 4 చివర మొత్తం: సుమారు 200 పేజీలు, 76 గంటలు. పేజీకి 17 నిమిషాలు, డిక్షనరీ 9, ప్రశ్న గుర్తులు 2. కార్డులు 210.*

నమ్మకం కోసం బస్సు పేజీని ఇంకోసారి కొలిచాను. డిక్షనరీ ఒక్కసారి తీశాను, ప్రశ్న గుర్తు ఒకటి మిగిలింది. పాపతో బామ్మ అన్న ఒక మాట సగం ఊరడింపో సగం విసుగో నాకు ఇప్పటికీ తేలలేదు, అక్క కూడా రెండూ అయ్యుండొచ్చంది.

దశ 5: మొదలైంది

వకతాకే చిసాకో నవల ‘ఒరా ఒరాదె హితొరి ఇగుమొ’. 158వ అకుతగావా బహుమతి పొందింది. భర్త పోయిన 74 ఏళ్ల మొమోకో కథ, చాలా భాగం తోహోకు (ఈశాన్య జపాన్) యాసలో ఉంటుంది. మొదటి పేజీ: 58 నిమిషాలు, డిక్షనరీ 44 సార్లు, అందులో 17 పదాలు డిక్షనరీలో లేనే లేవు.

ఆ 17లో చాలావాటికి తాళంచెవి ధ్వనిలో ఉంది. తోహోకు మాటలో పదం మధ్య ‘క’ని ‘గ’గా, ‘త’ని ‘ద’గా పలుకుతారు. పుస్తకం పేరులో ‘ఇగు’ అంటే మామూలు ‘ఇకు’, వెళ్లడం. ఇప్పటికి చేస్తున్నది:

1. తెలియని పదంలో గ, ద ఉంటే క, త పెట్టి మళ్లీ వెతకడం.
2. వాక్యం చివర ‘బె’, ‘దా’ లాంటివి వదిలేసి క్రియ మొదలు పట్టుకోవడం.
3. పైకి చదివి ఫోన్‌లో రికార్డు చేసి అక్కకి పంపడం. ఆవిడ ఆఫీసులో తోహోకులోని అకితా నుంచి వచ్చిన పెద్దాయన ఉన్నారట, మధ్యాహ్నం భోజనం వేళ వినిపిస్తానంది.

మొదటి సూత్రంతోనే 17లో 9 తేలాయి. పెద్దాయన విన్నాక మిగిలిన 8 సంగతి ఇక్కడే రాస్తాను.